ఒంటిగంటకి లేచే గీత

"నేను పెట్టను."

కోడలు పెన్ను కాగితం మీద పడేసింది. అది దొర్లుకుంటూ వెళ్ళి మరిది మోచెయ్యి దగ్గర ఆగింది.

బల్ల మీద తిన్న కంచాలు తిన్నట్టే ఉన్నాయి. వాటి మధ్య ఆ కాగితం. అడుగున రెండు సంతకాలకి చోటుంటే ఒకటి ఇప్పటికే నిండింది. పెద్దవాడు, అంటే ఆమె మొగుడు, పొద్దున్న మొహమైనా కడుక్కోకుండా పెట్టేశాడు. రెండోది ఆమెది. వెబ్‌సైటు ఇద్దరి పేరు మీదా ఉంది కాబట్టి ఆమె పెట్టకపోతే దాన్ని నడిపే కొత్త సర్వరు మిషను రాదు. రాకపోతే సోమవారం పరువు పోతుంది.

"వదినా, ఇది బట్టల కొట్లో బేరం కాదు, రేపు చూద్దాంలే అనడానికి," అన్నాడు మరిది. సర్వర్లు కట్టి ఇచ్చే కంపెనీలో వాడిది అమ్మకాల ఉద్యోగం. అన్నయ్య కోసం వరసలో నలుగురిని దాటించి తెచ్చానని పొద్దుట్నుంచి పదిసార్లు చెప్పాడు. "మూడింటికి మా వాళ్ళు బిగించడం మొదలుపెడతారు. మొదలుపెట్టాక ఒక్క మర కూడా మార్చరు."

"మార్చమని ఎవరన్నారు? అసలిది బిగించొద్దంటున్నా." ఆమె కాగితం తిప్పి వాడి ముందుకి తోసింది. "రెండు ప్రాసెసర్లు ఎందుకు చిన్నా మనకి? మెమరీ చూస్తే ఇప్పుడున్నదానికన్నా పిసరంత ఎక్కువ. డిస్కులు చూస్తే మళ్ళీ ఆ తిరిగే పాతరకమే."

"వాటిల్లో చోటెక్కువ వదినా. ఇరవయ్యేళ్ళ సరుకు పడుతుంది."

"చోటెవరిక్కావాలి? మన మందుల జాబితా మొత్తం నీ ఫోన్లో పడుతుంది. నాక్కావాల్సింది వేగం. నాలుగు వందల షాపులవాళ్ళు ఒక్కసారిగా ఇది అయిపోయింది, అది వచ్చింది అని రాస్తుంటారు. అదే టైములో వేలమంది వెతుకుతుంటారు. ఆ డిస్కు తిరిగీ తిరిగీ కళ్ళు తిరిగి పడిపోతుంది."

మరిదికి నవ్వొచ్చింది కానీ అన్నయ్య మొహం చూసి మింగేశాడు.

ఏ మందు ఏ షాపులో దొరుకుతుందో చెప్పే సైటు అది. మందుల కంపెనీ తరఫున షాపులు తిరిగే పెద్దవాడికి ఆలోచన వచ్చింది, డేటాబేసులు తెలిసిన కోడలు కట్టింది. ఇరవై షాపులతో మొదలై అరవైకి పాకింది. సోమవారం పదింటికి మందుల షాపుల సంఘం మొత్తం, నాలుగు వందల షాపులు, ఇందులోకి వచ్చిపడుతున్నాయి. ఇన్నాళ్ళూ మోసిన పాత మిషను ఆ బరువు మొయ్యలేదు. అంతవరకూ ఇంట్లో అందరిదీ ఒకటే మాట. ఏది కొనాలన్న దగ్గరే నాలుగు రోజులుగా కంచాల ముందు యుద్ధం.

"నలుగురు వంటవాళ్ళని పెట్టి, సామాను గదిలోంచి సరుకు అందించేవాణ్ణి ఒక్కణ్ణే పెడితే ఏమవుతుంది?" అంది కోడలు. "నలుగురూ గరిటెలు పట్టుకుని నిలబడతారు. మన సైటుకి వంటవాళ్ళు కాదు, అందించేవాళ్ళు కావాలి. ఒక్క ప్రాసెసర్ చాలు. మెమరీ దీనికి నాలుగింతలు వెయ్యండి. తిరగని డిస్కులు రెండు పెట్టండి, రెండింట్లోనూ ఒకటే రాసేట్టు. ఒకటి పోయినా రెండోది నిలబడుతుంది."

పెద్దవాడు ముందుకి వంగాడు. పక్కనున్న కాగితాల దొంతరలోంచి నాలుగు తీసి, ముందున్న కంచం జరిపి వరసగా పరిచాడు.

"ఇవెవరు తీసిచ్చారు?"

"నేనే."

"ఇది పోయిన వారం. ఇది అంతకుముందు వారం. పొద్దున్న ప్రాసెసర్ మీద పని ముప్ఫై శాతం. సాయంత్రం ముప్ఫై అయిదు. ఒంటిగంట దాటగానే?" ఆయన వేలు గ్రాఫులో నిటారుగా లేచిన గీత వెంట పైకి పాకింది. "వంద. నాలుగింటిదాకా వంద. రోజూ ఇంతే. ప్రాసెసర్ చాలట్లేదని నీ గీతే చెబుతోంది. మొగుడి మాట ఎలాగూ వినవు, నీ గీత మాటైనా వినవా?"

కోడలు ఆ కాగితాలు దగ్గరికి లాక్కుంది. ఆ గీత ఆమెకీ కొరుకుడుపడలేదు. "మధ్యాహ్నం సైటుకొచ్చే జనం తక్కువండీ. జనం తగ్గితే పని పెరగడమేంటి? అదేదో వేరే..."

"మళ్ళీ మొదలు. అదేదో వేరే." పెద్దవాడు కుర్చీ వెనక్కి తోశాడు. "ఆ రోజూ ఇదే మాటన్నావు."

మరిది గ్లాసు అందుకున్నాడు. అందులో నీళ్ళు లేవని తెలిసినా తాగినట్టు నటించాడు.

"అన్నయ్యా, ఇప్పుడెందుకది..."

"ఎందుకేంటి? ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి నాన్న పడిపోయాడు. డాక్టరు చీటీ రాసిచ్చి ఈ ఇంజెక్షన్ మా దగ్గర లేదు, పరిగెత్తమన్నాడు. ఊళ్ళో ఉన్నవాళ్ళందరికీ మందులు చూపించే సైటు మాది. నేను రోడ్డు మీద నిలబడి మా సైటే తెరిస్తే తిరుగుతూ కూచుంది. నలభై నిమిషాలు. ఆరు షాపులు నా కాళ్ళతో తిరిగాను. ఇంజెక్షన్ కాస్త ముందు పడుంటే నాన్నకి మాట నిలిచేదేమో అన్నాడు డాక్టరు. ఏమో అన్నాడు, చూడు, ఆ ఏమో నన్ను చంపుతోంది." ఆయన గొంతు పెరగలేదు. పెరిగుంటే కోడలికి తేలిగ్గా ఉండేది. "సైటుకి ఏమైందని ఈవిణ్ణడిగితే, ఆరున్నరకి దానంతటదే బాగైందండీ అంది. దానంతటదే! ముందే పెద్ద ప్రాసెసర్ వెయ్యమన్నాను. అక్కర్లేదంది."

కోడలు ఏడు వారాలుగా ఈ మాట మొగుడి కళ్ళలో చూస్తూనే ఉంది. నోట వినడం ఇదే మొదటిసారి.

మరిది లేచాడు. "మూడులోపు సంతకం ఫోటో తీసి పంపండి. పంపకపోతే మన వరస పోతుంది. మళ్ళీ రెండు వారాలు." గుమ్మం దగ్గర ఆగి, "వదినా, నాకు రెండూ ఒకటే. నువ్వు చెప్పినవైనా కడతాం. కానీ అన్నయ్యని ఒప్పించే మాట ఒక్కటైనా చెప్పాలి కదా," అని చెప్పులేసుకున్నాడు.

వాడన్నది నిజమే. ఆమె దగ్గర ఆ ఒక్క మాటా లేదు.

పెద్దవాడు వాకిట్లోకి వెళ్ళి ఎవరో షాపాయనతో ఫోన్లో సోమవారం గురించి నవ్వుతూ మాట్లాడుతున్నాడు. బయటివాళ్ళకి ఆయన దగ్గర నవ్వులకి కొదవ లేదు. కోడలు కంచాలు తీసింది. బల్ల తుడిచింది. తుడిచిందే మళ్ళీ తుడిచింది. తర్వాత ముందుగదిలో తన చిన్న కంప్యూటర్ ముందు కూలబడింది.

పన్నెండు యాభై. గీత కింద బుద్ధిగా పడుకుని ఉంది.

ఆ గీత వచ్చే మిషను ఆమెకి రెండు గదుల అవతల, అత్తగారి గదిలో ఉంది. ఆ గదికి ఎండ రాదు, ఇంటర్నెట్ తీగ కూడా ఆ గోడలోంచే వస్తుంది. పైగా మామగారే ముచ్చటపడి పెట్టించుకున్నాడు. నలభయ్యేళ్ళు మోటార్లకి తీగ చుట్టిన చెయ్యి ఆయనది. మిషను తెచ్చిన రోజు దాని ఫ్యాన్ దగ్గర చెవి పెట్టి, "బేరింగు శుభ్రంగా ఉందే అమ్మాయ్, దీనికి గాలి ఆడనిస్తే నాకన్నా ఎక్కువ కాలం బతుకుతుంది," అన్నాడు. ఇప్పుడాయన పక్షవాతంతో ఆ గదిలోనే మంచం మీద ఉన్నాడు. మాట లేదు, కుడిచెయ్యి లేవదు. ఎడమచెయ్యి ఒక్కటి కాస్త లేస్తుంది.

ఒంటిగంట నుంచి నాలుగింటిదాకా ఆ గది తలుపు ఎవరూ తియ్యకూడదు. అది అత్తగారి శాసనం. ఆయన బాగున్నప్పుడు ఆయన కునుకు కోసం పెట్టింది, ఆయన మంచాన పడ్డాక మరీ బిగించింది. ఇల్లు తగలబడుతున్నా నాలుగు కొట్టాకే చెప్పాలని మరిది ఎగతాళి చేసేవాడు.

ఒంటిగంటా పది. గీత లేచింది.

లేవడం ఆమె కళ్ళారా చూస్తోంది. ముప్ఫై. యాభై. ఎనభై. పక్కనే సైటులో ఉన్నవాళ్ళ లెక్క చూసింది. పొద్దున్న ఉన్నవాళ్ళలో సగం మంది కూడా లేరు. పని చేయించుకునేవాళ్ళు తగ్గితే పనివాడు ఆయాసపడడమేంటి? ప్రాసెసర్ చాలక కాదు. ఉన్న ప్రాసెసర్ సగం కూడా పని చెయ్యట్లేదు. ఎవరో దాని కాళ్ళు కట్టేస్తున్నారు.

ఎందుకు తోచిందో ఆమెకే తెలీదు, మిషను వేడి ఎంతుందో చూపించే అంకె తెరిచింది. ఆ నీడ గదిలో వేడెక్కడిదని ఇన్నేళ్ళలో ఒక్కసారీ తెరవని అంకె అది. డెబ్భై ఎనిమిది డిగ్రీలు. చూస్తుండగానే ఎనభై ఆరు. తొంభై మూడు దాటింది.

ఆ వేడికి ప్రాసెసర్ కాలిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంటుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు. ఎవరికైనా పాఠం చెప్పగలదు కూడా. తన ఇంట్లో, తన మిషను విషయంలో మాత్రం తెర చూసింది తప్ప లేచి వెళ్ళి చూడలేదు.

ఆమె లేచింది. ఒంటిగంటా నలభైకి, అత్తగారి శాసనం దాటి, ఆ తలుపు తోసింది.

గదిలో చీకటి. కిటికీ తెర దించి ఉంది. అత్తగారు మంచం పక్క కుర్చీలో గడ్డం గుండెకి ఆనించి కునుకు తీస్తోంది. మామగారు మేలుకునే ఉన్నాడు. ఆయన ఎడమచెయ్యి గాల్లో ఉంది, వేలు గోడమూలకి చూపిస్తోంది.

గోడమూల మిషను కనబడలేదు. దాని ఎత్తులో నీలం గళ్ళ ఉన్ని దుప్పటి ఉంది. రెండు మడతలు వేసి, తల నుంచి నేలదాకా, చలికి పిల్లని చుట్టినట్టు చుట్టి ఉంది. లోపల ఫ్యాన్ రొప్పుతోంది.

"ష్..." అత్తగారు కళ్ళు తెరిచింది. "ఏమే, టైమెంతైంది? ఇప్పుడొచ్చావేం?"

"ఈ దుప్పటి..." కోడలు దాని దగ్గరికి నడిచింది. "ఈ దుప్పటి ఎవరు కప్పారత్తయ్యా?"

"ఎవరు కప్పుతారు, నేనే. మెల్లగా మాట్లాడు." అత్తగారు గుసగుసగా అంది. "దాని గోల వినలేకపోతున్నా. ఆయనకి మధ్యాహ్నం కునుకు పడితేనే ఒళ్ళు నిలుస్తుంది. ఆయన బాగున్నన్నాళ్ళూ కళ్ళు మూసుకోగానే కప్పేదాన్ని, లేచేసరికి తీసి మడతపెట్టేసేదాన్ని. దీన్నిక్కడ పెట్టిన వారం నుంచీ అంతే. అప్పుడు ఆయనకే తెలీదు, నీకేం తెలుస్తుంది?"

"రెండు మడతలు..."

"మొదట్లో ఒకటే. ఇప్పుడేమో ఆయనకి అసలు నిద్రే లేదు. పొద్దస్తమానం అదిగో, ఆ చెయ్యెత్తి దానివైపు చూపించడమే. చప్పుడు భరించలేకపోతున్నాడు పాపం. అందుకే రెండు మడతలేశా. అయినా చూపిస్తూనే ఉంటాడు. రేపట్నుంచి దిండు కూడా అడ్డం పెడదామనుకుంటున్నా."

కోడలు మామగారి వైపు చూసింది. ఆయన కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. గాలి ఆడనిస్తే నాకన్నా ఎక్కువ కాలం బతుకుతుంది అన్నవాడు. ఏడు వారాలుగా కప్పడం కళ్ళారా చూస్తూ, తియ్యమని చెయ్యెత్తి మొత్తుకుంటుంటే, ఆ చెయ్యి చూసి ఇంకో మడత వేసిన ఇల్లు ఇది. ఆమెకి ఏడుపొచ్చింది. ఏడవడానికి టైము లేక దుప్పటి రెండు చేతులా పట్టుకుని లాగింది.

వేడిగాలి మొహానికి కొట్టింది. ఫ్యాన్ గొంతు కాసేపు అలాగే అరిచి, నెమ్మదిగా దిగింది.

మామగారి చెయ్యి కూడా దిగింది. మంచం మీద వాలి, అక్కడే ఉండిపోయింది. అత్తగారు తెల్లబోయి చూసింది.

"ఏమైందే? కప్పకూడదా?"

జవాబు చెప్పబోయి కోడలు ఆగిపోయింది. చేతిలో దుప్పటి ఇంకా వెచ్చగా ఉంది. ఈ నీలం గళ్ళు తను ఇంకెక్కడో చూసింది. ఆసుపత్రిలో. ఆ రోజు సాయంత్రం మామగారి కాళ్ళ మీద ఇదే ఉంది. ఆయన పడిపోగానే అందరూ ఎక్కడివక్కడ వదిలేసి పరిగెత్తారు. సాయంత్రం అత్తగారు బట్టల కోసం ఇంటికొచ్చి, ఆయనకి చలేస్తోందని ఈ దుప్పటి తీసుకెళ్ళింది. ఎప్పుడు? ఆరున్నరకి.

దానంతటదే బాగైంది ఆరున్నరకి.

ఆమెకి ఏడు వారాలుగా తన నెత్తిన మోస్తున్న నింద కిందికి దిగుతున్నందుకు ఒక్క క్షణం, ఒక్కటే క్షణం, హాయిగా అనిపించింది. వెంటనే అది ఎవరి నెత్తిన దిగబోతోందో ఎదురుగా కనబడింది. మొగుడి కునుకు చెడకూడదని తన నిద్ర కుర్చీకి సరిపెట్టుకున్న మనిషి. ఏడు వారాలుగా ఆయన నోట్లో చెంచాతో గంజి పోస్తూ ఒక్కపూట విసుక్కోని మనిషి. చెబితే ఈవిడ బతుకుతుందా?

చెప్పకపోతే? మూడింటికి ఆ రెండు ప్రాసెసర్ల పెట్టె బిగిస్తారు. సోమవారం నాలుగు వందల షాపులు దాని మీద పడతాయి. ఇంకెవరో చీటీ పట్టుకుని రోడ్డు మీద నిలబడతారు, వాళ్ళ ఫోన్లో ఇదే సైటు తిరుగుతూ ఉంటుంది.

"ఏమోయ్!" వసారాలో అడుగులు. పెద్దవాడు ఆమె చిన్న కంప్యూటర్ చేత్తో పట్టుకుని గుమ్మంలోకొచ్చాడు. నాలుగింటి శాసనం ఆయనకీ గుర్తు లేదు. "గీత పడిపోయింది. వంద నుంచి ముప్ఫైకి దిగింది. రెండింటికి ఎప్పుడైనా దిగిందా? ఏం చేశావ్?"

అప్పుడు చూశాడు ఆమె చేతిలో దుప్పటి. మిషను వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు.

"అదేంటి?"

ఫ్యాన్ దాదాపు చప్పుడు లేకుండా తిరుగుతోంది.

"నిన్నే. అదేంటి?"

కోడలు దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టింది. "మిషను వేడెక్కుతోందండీ. వేడెక్కితే ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. ఆ మధ్యాహ్నం గీత ప్రాసెసర్ చాలక కాదు. అది లెక్కలోంచి తీసెయ్యండి. తీసేస్తే మిగిలేది డిస్కే. చిన్నాకి ఫోన్ చేసి కాగితం మార్చమనండి. మూడు కాలేదింకా."

"ఎందుకు వేడెక్కుతోంది?"

"నా పొరపాటే. నేను వచ్చి చూసుకోలేదు."

అందులో అబద్ధం లేదు. నిజమూ సగమే. పెద్దవాడు తేలిగ్గా వదిలే మనిషైతే సగంతో సరిపోయేది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు. "ఎన్నాళ్ళ నుంచి వేడెక్కుతోంది? కొత్త మిషను గురించి కాదు నేనడిగేది."

అత్తగారు కుర్చీలోంచి లేచింది. కోడలి చేతిలోంచి దుప్పటి తీసుకుని, దాని అంచు వేళ్ళతో తడిమింది. ఆవిడకి ప్రాసెసర్ తెలీదు, డిస్కు తెలీదు. దుప్పటి తెలుసు. ఏ రోజు ఎక్కడుందో తెలుసు.

"అమ్మాయ్," అంది. గొంతు మామూలుగానే ఉంది. "ఆసుపత్రికి పట్టుకెళ్ళడానికి దీన్ని నేను ఈ డబ్బా మీంచే తీశాను. ఆ రోజు మధ్యాహ్నమంతా ఇది దానిమీదే ఉంది. వీడు రోడ్ల మీద తిరిగినంతసేపూ." ఆవిడ కొడుకు వైపు చూడలేదు. "దీనివల్లేనా?"

బల్ల మీద వదిలేసిన ఫోను మోగడం మొదలుపెట్టింది. మరిదే అయ్యుంటాడు. పెద్దవాడు కదల్లేదు.

కోడలు మంచం పక్కకి జరిగి నోరు తెరిచింది. అప్పుడే మణికట్టు మీద ఏదో పడింది. మామగారి ఎడమచెయ్యి. ఇన్నాళ్ళలో అంత బలం ఉందని ఎవరూ అనుకోని చెయ్యి, ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆయన కళ్ళు పెళ్ళాం మీదకి, మళ్ళీ కోడలి మీదకి వచ్చాయి. చెప్పమంటున్నాడో, వద్దంటున్నాడో.

ఈ చేతిని ఏడు వారాలు తప్పుగా చదివారు అందరూ. మళ్ళీ తప్పు చదివితే ఈసారి ఏమవుతుందో ఆమెకి తెలుసు.

"చెప్పవే," అంది అత్తగారు. "నీ నోటితో చెప్పు."

మామగారి పట్టు ఇంకా బిగిసింది.